గాలి భోంచేసి బతకదు ఇంజిన్!

టర్బో పెట్రోల్ కారు కొన్నవాళ్లు మొదటి ఏడాదంతా ఒకటే మాట చెబుతారు. ‘తొక్కితే చాలు, దూసుకుపోతోంది’ అని. మూడో ఏడో నాలుగో ఏడో వచ్చేసరికి ఆ మాట మారుతుంది. ‘పికప్ పడిపోయింది. సిగ్నల్ దగ్గర ఆగితే బండి వణుకుతోంది. లారీని దాటేద్దామని తొక్కితే ఒక్క క్షణం ఆలోచించి గానీ కదలడం లేదు’ అంటారు. కొన్నాళ్లకు డాష్‌బోర్డు మీద పసుప్పచ్చ ఇంజిన్ బొమ్మ వెలుగుతుంది.

స్కానర్ తగిలిస్తే తరచుగా కనిపించే కోడ్ పీ0171. ‘సిస్టమ్ టూ లీన్’ అని దానర్థం. గాలి ఎక్కువైంది, పెట్రోల్ తక్కువైంది అని ఇంజిన్ కంప్యూటర్ మొరపెట్టుకుంటోందన్నమాట. సరిగ్గా ఇక్కడే జేబుకి చిల్లు పడుతుంది. కోడ్ చూడగానే ఆక్సిజన్ సెన్సర్ మార్చేసేవాళ్లున్నారు. లైటు ఆరుతుంది. వారం తిరిగేసరికి మళ్లీ వెలుగుతుంది. ఈసారి ఇంజెక్టర్లు శుభ్రం చేస్తారు. ఆ తర్వాత పంపు మారుస్తారు. ఇన్ని మార్చాక తేలేదేమిటంటే... ఎక్కడో ఓ రబ్బరు పైపు క్లిప్పు వదులైందని!

జ్వరం వచ్చిందని థర్మామీటర్ మార్చితే జ్వరం తగ్గుతుందా? లీన్ కోడ్ సంగతీ అంతే. అది లక్షణం. అసలు రోగమెక్కడుందో పట్టుకోవడానికి ఓ పద్ధతుంది. అది కాస్త తెలిసుంటే మెకానిక్ దగ్గర మీరు సరైన ప్రశ్న అడగగలరు.

బియ్యానికి నీళ్ల లెక్క

గ్లాసు బియ్యానికి ఎన్ని గ్లాసుల నీళ్లు పోయాలో మన ఇళ్లలో కొలత ఉంటుంది కదా. పెట్రోల్‌కీ అలాంటి కొలతే ఉంది. ఏమీ కలపని ఒక గ్రాము పెట్రోల్ పూర్తిగా కాలాలంటే సుమారు 14.7 గ్రాముల గాలి కావాలి. ఈ కొలతనే ‘లాంబ్డా 1’ అంటారు. గాలి ఇంతకన్నా ఎక్కువైతే లీన్, తక్కువైతే రిచ్.

మామూలు వేగంలో వెళ్తున్నప్పుడు కంప్యూటర్ ఈ కొలతనే పట్టుకుని కూర్చుంటుంది. పొగగొట్టంలోని క్యాటలిటిక్ కన్వర్టర్ సరిగా పనిచేయాలన్నా ఈ కొలతే కావాలి. కానీ టర్బో గట్టిగా ఊదడం మొదలెట్టాక లెక్క మారుతుంది. అప్పుడు సిలిండర్‌లోకి మామూలు కన్నా ఎంతో ఎక్కువ గాలి దూరుతుంది. ఒత్తిడీ వేడీ రెండూ పెరుగుతాయి. అందుకే చాలా టర్బో ఇంజిన్లలో ఫుల్ లోడ్ మీద కొంచెం అదనంగా పెట్రోల్ పోస్తారు. ఒకటికి 12, 12.5 దాకా తెస్తారు. ఆ అదనపు పెట్రోల్ ఆవిరవుతూ సిలిండర్‌ని చల్లబరుస్తుంది.

కాబట్టి ఒకటికి 14.7 అనేది సిగ్నల్ దగ్గర ఆగినప్పుడు ఆరోగ్యం. అలాంటి ఇంజిన్‌లో ఘాట్ ఎక్కుతూ పూర్తిగా తొక్కినప్పుడు అదే అంకె ప్రమాదం. లీన్ అన్న మాటకు అర్థం అప్పటి లోడ్‌ని బట్టి ఉంటుంది.

ఏమవుతుంది?

సిలిండర్‌లో మంట రెండువేల డిగ్రీల సెల్సియస్ పైమాటే. పిస్టన్ అల్యూమినియం మిశ్రమంతో చేసింది. అల్యూమినియం 660 డిగ్రీలకే కరుగుతుంది. మరి రోజూ ఎందుకు కరగడం లేదు? పిస్టన్ తల మీద పలుచని గాలిపొర ఒకటి దుప్పటిలా కాపాడుతుంది. కింద నుంచి ఆయిల్ చల్లబరుస్తుంది. పెట్రోల్ తగ్గి వేడి పెరిగితే, మిశ్రమం మంట అంచు తాకకముందే తనంతట తానే పేలుతుంది. అదే నాకింగ్. ఆ దెబ్బలకు గాలిపొర చెదిరిపోతుంది. రింగుల మధ్య గట్లు విరుగుతాయి. ముదిరితే పిస్టన్‌కి చిల్లే పడుతుంది.

ఇప్పటి కార్లలో నాక్ సెన్సర్ ఉంటుంది. చప్పుడు పసిగట్టగానే కంప్యూటర్ స్పార్క్‌ని ఆలస్యం చేసి, అవసరమైతే టర్బో ఒత్తిడినీ తగ్గిస్తుంది. అందుకే మీకు టకటకమనే చప్పుడు వినిపించకపోవచ్చు. పికప్ తగ్గడం ఒక్కటే తెలుస్తుంది. ఇంజిన్ తనను తాను కాపాడుకుంటోందని అర్థం. దాన్ని పట్టించుకోకుండా ఇంకా గట్టిగా తొక్కడం మంచిది కాదు.

ఈ బెడద కొత్తదేమీ కాదు. అమెరికాలో ఓల్డ్స్‌మొబైల్ కంపెనీ 1962లో ‘జెట్‌ఫైర్’ కారు తెచ్చింది. టర్బోతో వచ్చిన మొట్టమొదటి కార్లలో అదొకటి. నాకింగ్ రాకుండా మెథనాల్, నీళ్లు కలిపిన ద్రవాన్ని వేరే ట్యాంకు నుంచి ఇంజిన్‌లోకి చిమ్మేవారు. దానికి ‘టర్బో రాకెట్ ఫ్లూయిడ్’ అని గొప్ప పేరు పెట్టారు. యజమానులేమో ఆ ట్యాంకు నింపడం మర్చిపోయేవారు. ద్రవం అయిపోతే బండి టర్బో ఒత్తిడిని తగ్గించుకునేది. ‘పికప్ లేదు’ అని ఫిర్యాదులు! చివరికి చాలా కార్లకు కంపెనీయే టర్బో ఊడదీసి మామూలు కార్బురేటర్ బిగించి ఇవ్వాల్సి వచ్చింది.

అన్నట్టు, ఇదంతా పెట్రోల్ టర్బోల సంగతి. డీజిల్ ఇంజిన్ ఎప్పుడూ అవసరానికి మించిన గాలితోనే నడుస్తుంది. డీజిల్ బండికి ‘లీన్ అయింది’ అని ఎవరైనా బిల్లు వేస్తే ఒకటికి రెండుసార్లు అడగండి.

సెన్సర్ చెప్పేది సగం నిజం

లీన్ సంగతి కంప్యూటర్‌కి చెప్పేది పొగగొట్టంలోని ఆక్సిజన్ సెన్సర్. బాష్ కంపెనీ తయారుచేసిన ఈ లాంబ్డా సెన్సర్ 1976లో వోల్వో కార్లతో వాడకంలోకి వచ్చింది. అది చూసేది ఆక్సిజన్‌ని. పెట్రోల్ దానికి నేరుగా కనిపించదు. ఈ ఒక్క ముక్క గుర్తుంచుకుంటే సగం తప్పులు తప్పుతాయి.

ఉదాహరణకి ఒక సిలిండర్‌లో ప్లగ్ సరిగా వెలగడం లేదనుకుందాం. మిస్సింగ్ కొడుతుంది. పెట్రోల్ కాలలేదు, గాలిలోని ఆక్సిజన్ కూడా ఖర్చవకుండా బయటికొచ్చింది. ఆ ఆక్సిజన్‌ని చూసి సెన్సర్ ‘లీన్’ అంటుంది! నిజానికి పచ్చి పెట్రోల్ పొగగొట్టంలోకి పోతోంది. అలాగే సెన్సర్ కన్నా ముందు సైలెన్సర్ పైపు జాయింటులో చిన్న పగులుంటే బయటి గాలి లోపలికి వెళ్తుంది. అప్పుడూ ‘లీన్’ అనే అంటుంది. రెండింటిలోనూ సెన్సర్ తప్పు లేదు. దాన్ని మారిస్తే ఉపయోగమూ లేదు. అందుకే మొదట చూడాల్సినవి మిస్‌ఫైర్ కోడ్లు. పీ0300 నుంచి మొదలయ్యే ఆ కోడ్లేవైనా తోడున్నాయేమో చూసి, ప్లగ్గులు, కాయిళ్ల సంగతి ముందు తేల్చాలి.

ట్రిమ్ అంకెలు చదవడం ఇలా

పెట్రోల్ ఎంత పోయాలో కంప్యూటర్ దగ్గర ఓ పట్టిక ఉంటుంది. సెన్సర్ మాట విని ఆ లెక్కను కాస్త పెంచుతూ తగ్గిస్తూ ఉంటుంది. ఆ సర్దుబాటు పేరే ఫ్యూయల్ ట్రిమ్. క్షణక్షణం మారేది షార్ట్ టర్మ్. అలవాటుగా మారి జ్ఞాపకంలో ఉండిపోయేది లాంగ్ టర్మ్. రెండూ కలిపి చూడాలి. 5 శాతం అటూఇటూ ఉంటే ఆరోగ్యం. 10 దాటితే అనుమానం. ప్లస్ 20, 25 దగ్గరికొస్తే సాధారణంగా లైటు వెలుగుతుంది.

స్టీరింగ్ కింద ఉండే సాకెట్‌లో స్కానర్ పెట్టి, ఇంజిన్ బాగా వేడెక్కాక మూడు సందర్భాల్లో ఈ అంకెలు రాసుకోవాలి. ఒకటి, బండి నిలబడి ఉన్నప్పుడు. రెండు, నిలబెట్టే 2500 ఆర్‌పీఎం దాకా రేస్ ఇచ్చినప్పుడు. మూడు, రోడ్డు మీద లోడ్ పడినప్పుడు. మూడోది చూసేటప్పుడు నడిపేది ఒకరు, చూసేది ఇంకొకరు.

నిలబడినప్పుడు ప్లస్ 20 ఉండి, రేస్ ఇస్తే 4కో 5కో పడిపోతే... ఎక్కడో దొంగగాలి దూరుతోంది. ఇంజిన్ నెమ్మదిగా తిరిగేటప్పుడు తీసుకునే గాలి తక్కువ కాబట్టి చిన్న చిల్లు కూడా పెద్ద వాటా కొట్టేస్తుంది. రేస్ పెరిగితే ఆ వాటా చిన్నదైపోతుంది.

దీనికి తిరకాసుగా, నిలబడినప్పుడు బాగానే ఉండి లోడ్ పడగానే ప్లస్ 20కి ఎగబాకితే... పెట్రోల్ చాలడం లేదు, లేదా వచ్చిన గాలిని తక్కువగా కొలుస్తోంది. బలహీనమైన పంపు, పూడిన ఫిల్టర్, గడ్డకట్టిన ఇంజెక్టర్, దుమ్ము పట్టిన గాలి సెన్సర్... ఇవీ అనుమానితులు. టర్బో బండికి ఎక్కువ ప్రమాదం ఈ రెండో రకంతోనే.

ఒక జాగ్రత్త. పాత రకం సెన్సర్ 14.7కి అటా, ఇటా అన్నది మాత్రమే చెప్పగలదు. 12.5 ఉందో 13.5 ఉందో దానికి తెలియదు. అలాంటి కార్లలో పూర్తిగా తొక్కినప్పుడు కంప్యూటర్ సెన్సర్ మాట వినడం మానేసి పట్టిక ప్రకారం పోసేస్తుంది. అప్పుడు ట్రిమ్ అంకెలు నమ్మడానికి లేదు. వైడ్‌బ్యాండ్ సెన్సర్ ఉంటే అసలు అంకె తెలుస్తుంది.

గాలిదారిలో మూడు గదులు

టర్బో కారులో గాలిదారిని మూడు గదులుగా ఊహించుకోండి. గాలిని కొలిచే సెన్సర్, అంటే మాఫ్, ఎయిర్ ఫిల్టర్ పక్కనే ఉందనుకుందాం. అక్కడి నుంచి టర్బో దాకా మొదటి గది. టర్బో నుంచి ఇంటర్‌కూలర్ మీదుగా థ్రాటిల్ దాకా రెండోది. థ్రాటిల్ దాటాక ఇంజిన్ దాకా మూడోది.

మొదటి గదిలో ఎప్పుడూ పీల్పే. అక్కడ పైపు చీలితే లెక్కలోకి రాని గాలి లోపలికి పోతుంది. తొక్కినా లీన్ వదలదు.

రెండో గదిలో టర్బో ఊదుతున్నప్పుడు ఒత్తిడి ఉంటుంది. అక్కడ పైపు ఊడితే గాలి బయటికి పోతుంది. కొలిచింది ఎక్కువ, చేరింది తక్కువ. కంప్యూటర్ కొలిచినదానికి సరిపడా పెట్రోల్ పోస్తుంది. కాబట్టి లీన్ బదులు రిచ్ అవుతుంది. నల్లపొగ, బుస్సుమనే శబ్దం, పికప్ లేకపోవడం దీని గుర్తులు.

మూడో గది రెండు వేషాలు వేస్తుంది. బండి నిలబడినప్పుడు అక్కడ పీల్పు, తొక్కినప్పుడు ఒత్తిడి. ఒకే చిల్లు సిగ్నల్ దగ్గర లీన్ చూపించి, హైవే మీద రిచ్ చూపిస్తుంది. ఒక మెకానిక్ లీన్ అని, ఇంకొకరు రిచ్ అని చెప్పారంటే ఇద్దరిలో ఒకరు తప్పని తేల్చేయకండి. ఇద్దరూ చెప్పింది ఒకే చిల్లు గురించి కావచ్చు.

మన చిన్న టర్బో కార్లలో చాలావాటికి మాఫ్ ఉండదు. మూడో గదిలోని ఒత్తిడిని చూసి గాలిని లెక్కగట్టే మ్యాప్ సెన్సర్ ఉంటుంది. దొంగగాలి దూరినా ఒత్తిడి పెరగడం దానికి తెలుస్తుంది కాబట్టి లెక్క పెద్దగా తప్పదు. అలాంటి కారులో లీన్ కోడ్ వచ్చిందంటే పెట్రోల్ వైపు ముందు చూడటం మంచిది. అందుకే స్కానర్ పెట్టకముందే అడగాల్సిన ప్రశ్న ‘ఈ ఇంజిన్‌కి మాఫా, మ్యాపా?’

ఖర్చులేని పరీక్షలు

కొన్ని మీ ఇంటి ముందే చేయొచ్చు. ఇంజిన్ నడుస్తుండగా బ్రేక్ పెడల్‌ని నొక్కి పట్టుకోండి. ఇంజిన్ తీరు గానీ ట్రిమ్ గానీ గట్టిగా మారితే బ్రేక్ బూస్టర్ దగ్గరో దాని పైపు దగ్గరో లీకుంది. ఆయిల్ పోసే మూతను నెమ్మదిగా ఎత్తి చూడండి. లోపలి నుంచి గట్టిగా లాగిపెట్టినట్టుండి, ఈల వేసినట్టు శబ్దమొస్తే పీసీవీ వాల్వులోని పలుచని పొర చిరిగి ఉండొచ్చు. పెట్రోల్ ట్యాంకు ఆవిరిని ఇంజిన్‌కి పంపే పర్జ్ వాల్వు తెరుచుకుని ఉండిపోయినా గాలి దూరుతుంది. దాని పైపుని ఇంజిన్ దగ్గర నొక్కిపట్టి ట్రిమ్ తగ్గుతుందేమో మెకానిక్‌ని చూడమనండి.

వీటితో దొరక్కపోతే స్మోక్ టెస్ట్ చేయించండి. గాలిదారిలోకి తక్కువ ఒత్తిడితో పొగ పంపుతారు. చిల్లు ఎక్కడుంటే పొగ అక్కడే బయటికొస్తుంది. నాలుగు పార్టులు ఊహించి మార్చే కన్నా ఇది చౌక.

కొందరు పైపుల మీద కార్బురేటర్ క్లీనర్ చల్లి, ఎక్కడ చల్లితే రేస్ పెరుగుతుందో చూస్తుంటారు. టర్బో బండి మీద ఈ పని వద్దే వద్దు. టర్బో పొగగొట్టం వైపు ఎర్రగా కాలేంత వేడెక్కుతుంది. నిప్పంటుకుంటే ఆర్పడానికి సమయముండదు.

పెట్రోల్ వైపు

గాలి వైపు తప్పు లేదని తేలితే పెట్రోల్ ప్రెషర్ చూడాలి. స్కానర్‌లో రెండు అంకెలు పక్కపక్కన కనిపిస్తాయి. కంప్యూటర్ అడిగిన ప్రెషర్, వాస్తవంగా ఉన్న ప్రెషర్. నిలబడినప్పుడు రెండూ సమానంగా ఉండి, ఘాట్ ఎక్కేటప్పుడు రెండోది వెనకబడితే పంపో ఫిల్టరో అలిసిపోయిందన్నమాట. రెండూ కలిసే ఉండి కూడా లీన్ అంటుంటే ఇంజెక్టర్లనీ, మాఫ్ ఉంటే దాన్నీ అనుమానించాలి. ఆయిల్ పూసిన ఎయిర్ ఫిల్టర్లు వాడేవాళ్లకు ఆ ఆయిలే మాఫ్ తీగకు అంటుకునే ప్రమాదముంది. దానికోసమే దొరికే స్ప్రేతో శుభ్రం చేయాలి. గుడ్డతో తుడిస్తే తీగ తెగుతుంది.

నేరుగా సిలిండర్‌లోకి చిమ్మే ఇంజిన్లలో పెట్రోల్ ప్రెషర్ 150, 200 బార్లు, ఆపైన కూడా ఉంటుంది. ఆ పైపుల నట్లు తెలియనివాళ్లు విప్పకూడదు. ఆ ధార చర్మాన్ని చీల్చుకుని లోపలికి పోతుంది.

ఈ20 మాటేమిటి?

ఇది ఈమధ్య అందరూ అడుగుతున్న ప్రశ్న. మన దేశంలో 20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోల్ అమ్మకం 2023లో మొదలైంది. 20 శాతం లక్ష్యాన్ని 2025లో చేరుకున్నామని కేంద్రం ప్రకటించింది. ఇథనాల్‌లోనే ఆక్సిజన్ ఉంటుంది. ఒక గ్రాము కాలడానికి దానికి 9 గ్రాముల గాలే చాలు. రెండూ కలిస్తే కొలత 14.7 నుంచి 13.5 దగ్గరికి దిగుతుంది. అంటే అదే గాలికి పెట్రోల్ బరువు లెక్కన సుమారు 9 శాతం ఎక్కువ పోయాలి. 10 శాతం కలిపిన పెట్రోల్ నుంచి 20కి మారితే తేడా సుమారు 4 శాతం.

ఈ20 కోసం తయారుకాని కారులో లాంగ్ టర్మ్ ట్రిమ్ ప్లస్ 4, 5 కనిపిస్తే కంగారొద్దు. కంప్యూటర్ తన పని తాను చేసుకుంటోంది. ప్లస్ 20 ఉంటే మాత్రం ‘అంతా ఈ20 వల్లే’ అన్న మాట నమ్మకండి. ఇంధనం వాటా పోగా మిగతా 15కి లెక్క చెప్పమనండి. అయితే అప్పటికే పంపు నీరసించి ఉంటే, ఆ అదనపు పెట్రోల్ అవసరమే దాని లోపాన్ని బయటపెట్టొచ్చు.

రీమ్యాప్ చేయించుకున్న కార్లకు ఇంకో సంగతి. టర్బో ఒత్తిడి పెంచినవాళ్లు దానికి తగ్గ పెట్రోల్ కూడా పెంచాలి. పిండి కొద్దీ రొట్టె. కంపెనీ పంపు, ఇంజెక్టర్లు ఎంత ఇవ్వగలవో దాన్ని దాటితే లీన్ అవక తప్పదు.

గ్యారేజీలో గుర్తుంచుకోండి

లైటు వెలగగానే కోడ్ చెరిపించేయకండి. కోడ్‌తోపాటు ట్రిమ్ జ్ఞాపకాలూ చెరిగిపోవచ్చు. తప్పు జరిగిన క్షణంలో ఇంజిన్ స్పీడు, లోడు, వేడి ఎంతున్నాయో కంప్యూటర్ దాచుకున్న ‘ఫ్రీజ్ ఫ్రేమ్’ కూడా పోతుంది. ముందు దాన్ని ఫొటో తీసుకోండి. నిలబడినప్పుడు వచ్చిందా, లోడ్ మీద వచ్చిందా అన్నది ఆ ఒక్క ఫొటోతో తేలిపోతుంది.

ప్లగ్గులు విప్పించి చూడండి. లేత గోధుమరంగు ఉంటే క్షేమం. తెల్లగా సున్నం కొట్టినట్టున్నా, పింగాణీ మీద బొబ్బలున్నా వేడి మితిమీరింది. మెరిసే చిన్నచిన్న అల్యూమినియం రేణువులు కనిపిస్తే అవి పిస్టన్ నుంచి ఊడినవి కావచ్చు. ఇక ఆ బండిని నడపకుండా టోయింగ్‌లోనే తీసుకెళ్లాలి.

లైటు నిలకడగా వెలుగుతూ ఇంజిన్ మామూలుగానే నడుస్తుంటే, గట్టిగా తొక్కకుండా నిదానంగా గ్యారేజీకి వెళ్లొచ్చు. శ్రీశైలం ఘాట్‌కి కుటుంబంతో బయల్దేరే ఆలోచన మాత్రం వాయిదా వేసుకోండి. లైటు మిణుకుమిణుకుమంటుంటే వెంటనే పక్కకి ఆపేయండి. మిస్‌ఫైర్‌తో క్యాటలిటిక్ కన్వర్టర్ కాలిపోతోందని దానర్థం.

రిపేరు అయ్యాక లైటు ఆరితే చాలనుకోవద్దు. నాలుగైదు రోజులు తిప్పి మళ్లీ స్కానర్ పెట్టించండి. నిలబడినప్పుడూ, లోడ్ మీదా ట్రిమ్ 5 లోపుకి వచ్చిందా? వస్తేనే బిల్లు కట్టిన పని పూర్తయినట్టు. రాకపోతే, మార్చిన పార్టు ఏదైనా, రోగం ఇంకా బండిలోనే ఉంది.